గురుమా, మా ఇంట్లో తెలుగు ఆపమనకండి

ఒడిశాలోని మన పర్లాకిమిడిలోనూ, చుట్టుపక్కల ఉప్పలాడ, గరబంద, కాశీనగర్ ఊళ్లలోనూ అంగన్‌వాడీల్లో, ఒకటి రెండు తరగతుల్లో చిన్నపిల్లలకు చదువు చెప్పే గురుమాలకు, దిదీలకు, సార్లకు,

నమస్కారం. నేను ఇక్కడే చిన్న కిరాణా కొట్టు నడుపుకుంటాను. ఈ ఉత్తరం ఒడియాలో రాస్తే మర్యాదగా ఉండేది. కానీ నాకు ఒడియా మాట్లాడడం వచ్చు, బోర్డులు కూడబలుక్కుని చదవడం వచ్చు, ఇంత పొడుగు ఉత్తరం రాయడం మాత్రం రాదు. మన ఊళ్లో మీలో చాలామందికి తెలుగు తెలుసు, తెలియనివాళ్లకు పక్క టీచరు చదివి చెప్తారన్న ధైర్యంతో రాస్తున్నాను. మీమీద ఫిర్యాదు కాదు, కాస్త గొంతు పెరిగితే మాత్రం ఏమీ అనుకోకండి.

మా గుంటడు ఒకటో తరగతి, ఒడియా మీడియం. నేను తెలుగు మీడియంలో చదివినవాణ్ణే, వాణ్ణి కూడా అక్కడే వేద్దామనుకున్నాను, కానీ తెలుగు సెక్షన్లలో పిల్లలు తగ్గిపోయి, ఉన్న మాస్టార్లు రిటైరై, "రేపు పై క్లాసుల్లో ఏం చేస్తావు?" అని నలుగురూ అనేసరికి ఇటు వేశాను. బడి మొదలైన కొత్తలో పేరెంట్స్ మీటింగ్‌కి పిలిచారు. ఏ బడో చెప్పను, చెప్పాల్సిన పనీ లేదు, ఎందుకంటే అదే మాట మా బావమరిదికి ఇంకో బడిలో చెప్పారు, పక్కవీధి టైలరుకి అంగన్‌వాడీలో చెప్పారు. "ఘొరే ఒడియారే కొథా హుఅంతు." ఇంట్లో ఒడియాలో మాట్లాడండి, అప్పుడే పిల్లాడికి చదువు వస్తుంది, మీరు ఇంట్లో తెలుగు మాట్లాడబట్టే వాడు క్లాసులో నోరు విప్పడం లేదు అని.

సరే అని వచ్చాం. టీచరు చెప్పిందంటే మాకు వేదమే. ఆ రోజు నుంచి సరిగ్గా ఇరవై రోజులు మా ఇంట్లో ఏం జరిగిందో చెప్తాను, అందుకే ఈ ఉత్తరం.

నాకొచ్చిన ఒడియా బజారు ఒడియా. ధర ఎంత, ఎన్ని కిలోలు, చిల్లర లేదు, రేపు రండి, ఇంతే. మా ఆవిడది పుట్టిల్లు నది అవతల పాతపట్నం, ఆవిడకు అదీ రాదు. మా అమ్మకైతే ఒడియా అర్థమవుతుంది, పలకదు. అలాంటి ఇంట్లో ఒడియా మాట్లాడమంటే ఏం మాట్లాడతాం? "ఖా", "శో", "పఢ". తిను, పడుకో, చదువు. ఇరవై రోజులు మా పిల్లాడు ఇంట్లో విన్నది ఈ మూడు మాటలూ, వాటి మీద కేకలూ. అంతకుముందు రాత్రి అన్నం తినేటప్పుడు వాడు "నాన్నా, పాముకి చెవులుండవా? మరి బుట్టవాడు బూర ఎవరికి ఊదుతాడు?" లాంటివి అడిగేవాడు, వాళ్ల నాన్నమ్మ దానికి అరగంట కథ చెప్పేది, మధ్యలో వాడు అడ్డుపడేవాడు, ఆవిడ కథ దారి మార్చేది. ఒడియాలో పాముకి చెవుల సంగతి చెప్పడం మాలో ఎవరికీ రాదు. వాడు అడగడం మానేశాడు. ముసలావిడ మాట పడిపోయినట్టు కూర్చుంది. ఇరవై ఒకటో రోజు "నా మనవడితో నేను మాట్లాడకూడదని చెప్పిన ఆ గురుమాని ఒకసారి ఇంటికి రమ్మను, వడపప్పు పెట్టి మరీ అడుగుతాను" అంది. అక్కడితో ఆ ప్రయోగం ఆపేశాం.

మీరు మంచికే చెప్పారు, నాకు తెలుసు. నలభై మంది పిల్లల్లో పదిహేను మంది మొహాలు వేలాడేసుకుని కూర్చుంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ ఇంటి మాట ఆపేస్తే బడి మాట వస్తుందన్న లెక్క ఎక్కడో తప్పింది. కొట్లో మధ్యాహ్నం పూట బేరాలుండవు, ఫోన్లో దీని గురించి చదవడం మొదలెట్టాను. వాట్సాప్‌లో ముందు దొరికింది ఆ "మూడు కోట్ల మాటల తేడా". అమెరికాలో కాన్సస్‌లో 42 కుటుంబాలను చూసి, డబ్బున్న ఇళ్ల పిల్లలు నాలుగేళ్లు వచ్చేసరికి పేదింటి పిల్లలకంటే మూడు కోట్ల మాటలు ఎక్కువ వింటారని 1995లో ఇద్దరు రాశారు. చదివి నీరసం వచ్చింది, అంటే మా పని అయిపోయినట్టే అని. తర్వాత తెలిసింది, 2018లో వేరేవాళ్లు ఇంకొన్ని చోట్ల చూస్తే అంత తేడా కనబడలేదట. తల్లి ఒక్కతే పిల్లతో అన్న మాటలు కాకుండా, ఇంట్లో ఉన్న మిగతావాళ్ల మాటలు, పిల్లల చుట్టూ పెద్దవాళ్లు వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేవి కూడా లెక్కేస్తే సంగతి వేరుగా ఉంది. మన ఇళ్లల్లో అదేగా. అరుగు మీద ఐదుగురు మాట్లాడుతుంటే మధ్యలో పిల్ల కూర్చుని అన్నీ మింగుతూ ఉంటుంది.

దానికంటే ముఖ్యమైన మాట ఇంకోటి. చెవిన పడ్డ మాటల సంఖ్య ఒక్కటే కాదు, పిల్లాడు ఒకటి అంటే పెద్దవాళ్లు ఒకటి అనడం, మళ్లీ వాడు అనడం, ఈ మాటకు మాట ఎంత జరుగుతోందన్నది పెద్ద సంగతి అని 2018లోనే నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లల మెదడు స్కాన్లు తీసి మరీ చెప్పారు. 2003లో పాట్రీషియా కూల్ అనే ఆవిడ చేసిన పరీక్ష నాకు ఇంకా నచ్చింది. తొమ్మిది నెలల అమెరికా పసిపిల్లలతో చైనీస్ మాట్లాడేవాళ్లు ఎదురుగా కూర్చుని పన్నెండు సార్లు ఆడిస్తే ఆ భాష శబ్దాల తేడాలు పసిగట్టారు, అవే టీవీలో వీడియోగా చూపిస్తే ఏమీ పట్టలేదు. మా ఆవిడ ఒడియా నేర్పించడానికని యూట్యూబ్ పాటలు గంటల తరబడి పెట్టిన సంగతి ఇక్కడే ఒప్పేసుకుంటున్నాను. ఫోను తిరిగి మాట్లాడదు కదా.

కాబట్టి గురుమా, మా ఇంట్లో మాటకు మాట నడిచే భాష ఒక్కటే ఉంది. దాన్ని ఆపమంటే మిగిలేది ఒడియా కాదు, మౌనం. మౌనంలోంచి ఏ భాషలోనూ చదువు రాదు.

ఇప్పుడు చదవడం సంగతి. మా వాడికి అక్షరాలు రావడం లేదని మీరు డైరీలో రాశారు. వాడు ఇంట్లో ముందు చదివింది ఏంటో చెప్పనా? మా అరువు ఖాతా పుస్తకం. కొట్లో నా పక్కన కూర్చుని, నేను రాసేటప్పుడు చూసేవాడు. నేను పేర్లు రాయను, గుర్తులు రాస్తాను. "పాలావిడ 140." "గేటు పక్కిల్లు 65." "కొమ్ముపని మామ 210." ఆయన కొమ్ముతో కొంగలూ నెమళ్లూ చేస్తాడు, మన ఊరి పనే. మా వాడికి ఆ మనుషులందరూ తెలుసు, వాళ్లు ఏం కొన్నారో కళ్లారా చూశాడు. కాబట్టి "పా" ఎలా ఉంటుందో, పాలావిడ మొహంతో కలిపి గుర్తు పెట్టుకున్నాడు. ఒకరోజు "నాన్నా, పాతబస్తా అన్నచోట కూడా పాలావిడే ఉంది" అన్నాడు. నాకు ముందు అర్థం కాలేదు, తర్వాత ఒళ్లు జలదరించింది. ఆ "పా" రెండుచోట్లా ఒకటేనని వాడికి ఎవరూ చెప్పలేదు. నేను పలక పట్టించి మూడు నెలలు రుద్దినా రానిది అరువు పుస్తకంలో వచ్చింది.

అదే పిల్లాడు మీ క్లాసులో ఇల్లు బొమ్మ కింద ఉన్న మాటని "ఘర" అని చదివాడు. మీరు తప్పన్నారు, "ఘొరొ" అనాలి. మీరు చెప్పింది సరైనదే. కానీ వాడి తప్పు ఎంత మంచి తప్పో చూడండి. ఒడియా "ఘ" గుర్తుపట్టాడు, "ర" గుర్తుపట్టాడు, రెండూ కలిపాడు, హిందీవాళ్లలా చివర మింగేయకుండా నిండుగా పలికాడు. వాడికి తెలియనిది ఒక్కటే, మీ అకారం మా అకారంకంటే కొంచెం ఒకారం వైపు వంగుతుందని. అది ఒక్క నిమిషంలో సరిచేసే సంగతి. "తెలుగులో ఇలా అంటావు కదా, ఒడియాలో నోరు కాస్త గుండ్రంగా పెట్టు" అంటే చాలు. వాణ్ణి తప్పన్న రోజు ఇంటికొచ్చి పుస్తకం తీయలేదు.

మనిద్దరి అక్షరాలు తోబుట్టువులే గురుమా. క ఖ గ ఘ వరస ఒకటే, గుణింతం నడక ఒకటే, కింద ఒత్తు తగిలించే పద్ధతీ ఒకటే, పైగా రెండూ గుండ్రంగానే ఉంటాయి. మాకున్న ఎ, ఏ తేడా, ఒ, ఓ తేడా మీకు లేదు, అంటే మా పిల్లలకు అక్కడ పని తక్కువే. ఇంట్లో కా కి కీ రాగం తీసి చదివిన పిల్ల మీ దగ్గరికి వస్తే సగం పని అయిపోయి వచ్చినట్టు, మిగిలింది రూపాలు మార్చుకోవడమే. తెలుగు రావడం ఒడియాకి అడ్డం కాదు, మెట్టు.

లెక్కల దగ్గర నాకు ఎక్కువ కోపం వచ్చింది, అక్కడ కాస్త ఆగుతాను.

మా వాడు కొట్లో చిల్లర ఇస్తాడు. యాభై నోటు తీసుకుని, పద్దెనిమిది రూపాయల సబ్బు ఇచ్చి, రెండు వేళ్లు ముడిచి "ఇరవై", తర్వాత "ముప్పై, నలభై, యాభై" అని పదులు పెట్టి, ముప్పై రెండు చేతిలో పెడతాడు. నేను పక్కన కూర్చుని టెన్షన్ పడతాను, వాడు పడడు. అదే వాడికి పలక మీద 50 కింద 18 వేసి తీసివేయమంటే 48 వేశాడు, ఎందుకంటే సున్నాలోంచి ఎనిమిది పోదు కాబట్టి ఎనిమిదే రాసేశాడు, ఐదులోంచి ఒకటి పోతే నాలుగు. మీరు వాడి పలక చూసి లెక్కలు రావన్నారు. పలక చూస్తే నిజమే. ఈమధ్య, 2025లో, ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో వాళ్లు కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో కూరగాయలూ అవీ అమ్మే పిల్లలను పరీక్షించి ఇదే సంగతి రాశారు. బేరంలో గడగడా కరెక్టుగా లెక్క కట్టే పిల్లలు అదే లెక్క కాగితం మీద ఇస్తే తడబడ్డారు. బడికి మాత్రమే వెళ్లే పిల్లలకు తిరగేసిన కథ, కాగితం మీద వచ్చింది, బజారు లెక్క రాలేదు. రెండింటికీ మధ్య వంతెన ఎవరూ కట్టలేదని దాని అర్థం. కొట్టు నా దగ్గరుంది, పలక మీ దగ్గరుంది. మనం ఒకరితో ఒకరం మాట్లాడుకోవడం లేదు, అంతే.

ఇంకోటి. ఒడియా అంకెల్లో 4 అని రాసి ఉన్నచోట వాడు 8 అని చదువుతున్నాడని మీరు నవ్వారట. ఒడియా లెక్కల పుస్తకంలో నాలుగు ఎలా ఉంటుందో ఒకసారి మా కళ్లతో చూడండి. పైన మూత తీసేసిన ఎనిమిదిలా ఉంటుంది. వాడు పుట్టినప్పటినుంచి బిస్కెట్ ప్యాకెట్ల మీదా, నోట్ల మీదా, క్యాలెండర్ మీదా చూసిన అంకెలు వేరు. వాడు చూసిందే చదివాడు.

పేర్ల సంగతి మరీ తమాషా. తెలుగులో ఇరవై దాటాక దారి తిన్నగా పోతుంది. ఇరవై ఒకటి, ఇరవై రెండు, ముప్పై ఒకటి, ముప్పై రెండు. పదులెన్నో ఒకట్లెన్నో ఆ పేరే చెప్పేస్తుంది. ఒడియాలో ఎకోయిశి, బాయిశి, తేయిశి, ప్రతిదీ విడిగా బట్టీ పట్టాలి. ఇరవై తొమ్మిది దగ్గరకొస్తే అణతిరిశి, అంటే ముప్పైకి ఒకటి తక్కువ. ముప్పై తొమ్మిది అణచాళిశి. పేరులో ముప్పై వినబడుతోంది, రాసేది మాత్రం రెండు, తొమ్మిది. ఆరేళ్ల పిల్లాడు అణతిరిశి అని విని 3 తో మొదలెట్టి రాస్తే వాడికి స్థానవిలువ రాదనాలా, చెవులు బాగా పనిచేస్తున్నాయనాలా? చైనా, జపాన్, కొరియా భాషల్లో అంకెల పేర్లు తిన్నగా ఉండడం వల్ల అక్కడి పిల్లలకు పదుల సంగతి తొందరగా పట్టుబడుతుందని పరిశోధకులు ఎప్పటినుంచో వాదిస్తున్నారు. ఒడియా పేర్లను తక్కువ చేయడం లేదు, ముప్పైకి ఒకటి తక్కువ అన్నది ఎంత అందమైన లెక్క, తీసివేత పేరులోనే పెట్టారు! కానీ పిల్లాడికి ముందు తిన్నగా ఉన్న దారిలో పదులూ ఒకట్లూ చూపించి, ఆ తర్వాత ఈ పేర్లు తగిలిస్తే వాడికే ముచ్చటేస్తుంది. ఆ తిన్నని దారి మా ఇంట్లో ఉచితంగా ఉంది, వాడుకోండి.

మా అమ్మ గురించి చెప్పాలి. ఆవిడకు వేలిముద్రే. మీటింగ్‌లో "ఇంట్లో చదువుకున్నవాళ్లు ఎవరున్నారు?" అని అడిగినప్పుడు ఆవిడ చెయ్యి ఎత్తలేదు. కానీ మా వాడికి భాగాలూ రెట్టింపులూ నేర్పింది ఆవిడే. ఇంట్లో పాత ఇత్తడి కొలతలున్నాయి, గిద్ద, సోల, తవ్వ, మానిక. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. మార్గశిర గురువారాల్లో మీ ఇళ్లలో వడ్లు నింపి లక్ష్మికి పెట్టే మాణ లేదూ, దాని చుట్టాలే ఇవి. ఒక మధ్యాహ్నం చోళ్లు కొలుస్తూ "లాభం, రెండు, మూడు" అంటోంది. వీడు "నాన్నమ్మా, ఒకటి ఏది?" అన్నాడు. "లాభమే ఒకటి. కొలిచేటప్పుడు ఒకటి అనకూడదురా." "అయితే మానికకి ఎన్ని గిద్దలు?" "నువ్వే పోసి చూడు." చెప్పేసి ఉంటే ఒక్క క్షణం, ఆవిడ చెప్పలేదు. వీడు గిద్దతో పోస్తూ కూర్చున్నాడు. లాభం, రెండు, మూడు. మానిక నిండేసరికి పదిహేడు అయింది. ఆవిడ మానిక చుట్టూ చాప మీద ఒలికిన చోళ్లు చూపించి "అవి ఎవడి ఖాతారా?" అంది. వీడు అవన్నీ ఎత్తి గిద్దలో పోశాడు, నిండింది. "అయితే పదహారు" అన్నాడు. తీసివేత అయింది, కొలత అయింది, తప్పు ఎక్కడ జరిగిందో వెతుక్కోవడం అయింది. ఏ వర్క్‌షీటులో ఉంది ఇది?

ఇలాంటివి ఊసుపోక కబుర్లు కావని తెలిశాక నాకు ధైర్యం వచ్చింది. 2010లో సూసన్ లెవీన్ అనే ఆవిడా వాళ్లూ 44 మంది పసిపిల్లల ఇళ్లకు వెళ్లి, పద్నాలుగు నెలల వయసు నుంచి ముప్పై నెలల దాకా ఐదు సార్లు, మొత్తం ఏడున్నర గంటలు రికార్డు చేశారు. ఒక ఇంట్లో ఆ మొత్తం సమయంలో అంకెల మాటలు 4 వినబడ్డాయి, ఇంకో ఇంట్లో 257. ఎక్కువ విన్న పిల్లలకు నాలుగేళ్లు రాబోయేసరికి "ఐదు" అంటే ఐదు వస్తువులన్న సంగతి బాగా తెలిసింది. గాల్లో వంద దాకా చదివించడం కాదు, కళ్లముందు ఉన్నవాటిని లెక్కపెట్టడం ఎక్కువ ఉపయోగపడిందని తర్వాత చూశారు. 2008లో రమణి, సీగ్లర్ అని ఇద్దరు పేద పిల్లల చేత ఒకటి నుంచి పది దాకా గళ్లున్న పటం ఆడించారు, రెండు వారాల్లో నాలుగే సార్లు, సారికి పావుగంట చొప్పున. ఆ పిల్లలకు అంకెల పరిమాణం పట్టుబడింది, తొమ్మిది వారాల తర్వాత చూసినా నిలిచింది. అంకెల బదులు రంగులున్న పటం ఆడినవాళ్లకు రాలేదు. మన వైకుంఠపాళి పటం, పచ్చీసు, వామనగుంటల్లో చింతపిక్కలు పంచుకుంటూ పోవడం, ఇవన్నీ ఏమనుకున్నాం మరి? గడిలో అంకెను పైకి చదువుతూ జరపాలట, అదొక్కటే కిటుకు.

ఇక్కడ మా వాళ్లను కూడా నాలుగు మాటలు అనకపోతే న్యాయం కాదు. నాలుగేళ్ల పిల్లని ట్యూషన్‌కి పంపి, చుట్టాలొస్తే ఏబీసీడీలు అప్పగించమని మురిసిపోయి, ఆ పిల్ల ఏదైనా అడిగితే "నోర్మూసుకో, సీరియల్ వస్తోంది" అనేవాళ్లం మనమే. నేనైతే 48 వేసిన రోజు పలక లాక్కుని వీపు మీద ఒకటి వేశాను. మా ఆవిడ పదిహేను మంది చీటీ నడుపుతుంది, పాట ఎంతకు పోతే ఎవరికి ఎంత వస్తుందో నోటిమీద చెప్తుంది, కానీ పిల్లాడి పుస్తకం తెరిస్తే "నాకు లెక్కలంటే భయం, మీ నాన్నని అడుగు" అంటుంది. 2015లో అమెరికాలో ఒకటి, రెండు తరగతుల పిల్లల మీద ఒక పరిశీలన వచ్చింది. లెక్కలంటే భయపడే తల్లిదండ్రులు హోంవర్క్‌కి ఎంత ఎక్కువ సాయం చేస్తే వాళ్ల పిల్లలు ఆ ఏడాది లెక్కలు అంత తక్కువ నేర్చుకున్నారట, పైగా భయం కూడా అంటుకుందట. కాబట్టి మా ఆవిణ్ణి హోంవర్క్ దగ్గర కూర్చోబెట్టడం మానేసి, చీటీ రోజున డబ్బు కట్టలు కట్టడానికి వాణ్ణి పక్కన కూర్చోబెట్టమన్నాను. అక్కడ ఆవిడకి భయం లేదు.

మీరు అనొచ్చు, ఇదంతా బాగుంది, మా చేతుల్లో ఏముంది, పుస్తకాలు ఒడియాలో వస్తాయి, సిలబస్ పైనుంచి వస్తుంది అని. పైవాళ్లు రాసింది కూడా చదివాను. 2020 జాతీయ విద్యా విధానం కనీసం 5వ తరగతి దాకా ఇంటి భాషలో చెప్పమంది, "వీలైన చోట" అని ఒక మాట పెట్టి. మా ఊరు ఆ మాటలోనే ఇరుక్కుపోయింది. 2021 జులై 5న కేంద్ర ప్రభుత్వం నిపుణ్ భారత్ అనే కార్యక్రమం మొదలుపెట్టి, 2026-27కల్లా మూడో తరగతి దాటే ప్రతి పిల్లా చదవడం, లెక్కలు వచ్చి ఉండాలన్నారు. ఎక్కడున్నామో చూస్తే, పిల్లలకు చదువు ఎంత వచ్చిందో చూసే అసర్ సర్వే 2024లో పల్లెల్లో ఇళ్లకు వెళ్లి చదివించింది. దేశం మొత్తం మీద మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు నూటికి 27 మంది. అంటే నోరు విప్పనిది మా తెలుగు పిల్లలొక్కరే కాదు. కానీ మా పిల్లల విషయంలో చెప్పడానికి ఒక సాకు దొరికింది, ఇంటి భాష అని.

ఆ సాకుని ఈ ఊళ్లోనే ఒకాయన నూరేళ్ల కిందట కొట్టిపారేశాడు. 1880లో ఇక్కడ రాజావారి బడిలో మాస్టారుగా చేరిన గిడుగు రామమూర్తి పంతులు, కొండమీది సవర గిరిజనులకు చదువు చెప్పాలనుకున్నప్పుడు వాళ్లను "ముందు తెలుగు నేర్చుకుని రండి" అనలేదు. తనే సవర భాష నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, సొంత డబ్బుతో బళ్లు పెట్టాడు. తర్వాత తెలుగు పిల్లల పుస్తకాల్లో కూడా ఇంట్లో మాట్లాడే మాటే ఉండాలని జీవితాంతం గొడవపడ్డాడు. 1936లో ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయాడు, అది వేరే కథ, ఇప్పుడు తవ్వను. అయితే అదే ఒడిశా ప్రభుత్వం 2007 ప్రాంతంలో పది గిరిజన భాషల్లో చిన్న తరగతులు మొదలుపెట్టినప్పుడు వాటిలో సవర ఉంది. మన గజపతి జిల్లా కొండల మీదే. కొండ మీద పిల్లాడికి ఇంటి మాటతో మొదలుపెట్టడం సాధ్యమైతే, కొండ కింద బజార్లో ఎందుకు కాదు?

నేను తెలుగు మీడియం అడగడం లేదు, ఆ పోరాటం పెద్దవాళ్లు చేస్తున్నారు, చేయనివ్వండి. నేనడిగేవి మీరు రేపు పొద్దున్న ఎవర్నీ అడగకుండా చేయగలిగినవి. మీటింగ్‌లో "ఇంట్లో ఒడియా మాట్లాడండి" అనకుండా "ఇంట్లో మీకొచ్చిన మాటలో బాగా మాట్లాడండి, అడిగినదానికి జవాబు చెప్పండి, కథ చెప్పండి" అనండి. మొదటి ఆరు నెలలు పిల్లాడు తెలుగులో జవాబు చెప్తే తప్పనకుండా అదే జవాబు ఒడియాలో మీరు తిరిగి చెప్పండి. వారానికి పది ఒడియా మాటలు కాగితం మీద రాసి పంపండి, మా అమ్మ వాటికి తెలుగు చెప్తూ వాడితో ఆడుకుంటుంది, ఆవిడక్కూడా కాలక్షేపం. మీ బీరువాలో తాళం వేసిన బొమ్మల పుస్తకాలు శనివారం ఇంటికి ఇవ్వండి, చిరుగుతాయి, చిరగనివ్వండి, చిరిగినవి అతికించడానికి నా కొట్లో టేపు ఉచితం. హోంవర్కుకి పది తీసివేతలు ఇచ్చేబదులు ఒక్కసారి "మీ ఇంట్లో ఏ గిన్నెలో ఎన్ని గ్లాసుల నీళ్లు పడతాయి?" అని అడిగి పంపండి, తల్లికి చదువు రాకపోయినా ఆ హోంవర్కు చేయించగలదు. తెలుగు వచ్చిన దిదీలు చాలామంది ఉన్నారు, సూపర్‌వైజరు వచ్చినప్పుడు మాత్రమే తెలుగు దాచుకుంటున్నారని నాకు తెలుసు. దాచుకోకండి.

ఇరవై రోజుల ప్రయోగం ఆపేసి నాలుగు నెలలైంది. వాడు మళ్లీ పాముల గురించి అడుగుతున్నాడు. క్లాసులో ఇప్పుడు ఒడియా పలుకుతున్నాడని మీరే అన్నారు, ఎలా వచ్చిందో మీకూ నాకూ పూర్తిగా తెలియదు, సగం మీ చలవ, సగం గోళీలాడే ఒడియా పిల్లల చలవ, ఎక్కడో కాస్త మా ముసలావిడ చలవ కూడా ఉండకపోదు.

చివరగా చిన్న విషయం, ఈ ఉత్తరంతో సంబంధం ఉందో లేదో మీరే చూసుకోండి. పోయిన శుక్రవారం నేను భోజనానికి వెళ్లినప్పుడు మా వాడి గురుమా కొట్టుకి వచ్చారట, పర్సు మర్చిపోయారట, కొబ్బరినూనె తీసుకెళ్లారట. వాడు ఖాతా పుస్తకంలో తనే రాశాడు. మొదటిసారి. "గురుమా" అని ఒడియా అక్షరాల్లో, దీర్ఘంతో సహా. పక్కన అంకె చూసి నేను ఎనభై అనుకుని, సాయంత్రం రోడ్డు మీద మీరు కనబడితే "ఎనభై ఉందండీ" అనేశాను. మీరు అదోలా చూశారు. ఇంటికొచ్చి అడిగితే వాడు నుదురు కొట్టుకుని "నాన్నా, అది ఒడియా నాలుగు" అన్నాడు.

నలభై రూపాయలే గురుమా. తీరిగ్గా ఇవ్వండి.

ఇట్లు,
కిరాణా కొట్టు నాన్న,
పర్లాకిమిడి